మోచేతుల అట్టలు

హలో… ఆ, నేనే, అమ్మని. పక్కింటి దైవాధీనం గారు ఫోనొచ్చిందని కేకేస్తే పరిగెత్తుకొచ్చా. చెప్పరా రాజేషూ, శ్రావ్యని చూశారా డాక్టరు గారు?

…

గొట్టం పక్కకి జరిగిందా? కంట్లో నీరు బయటికి పోవడానికని మొన్నేగదరా పెట్టారు! పట్టుమని ఇరవై రోజులు కాలేదు…

మళ్ళీ ఆపరేషనా?… ఇవాళేనా?… రెండేళ్ళ పిల్లకి ఎన్నిసార్లు మత్తుమందిస్తార్రా!

అయితే చూపు?… చెప్పలేమన్నారా? చెప్పలేమంటే ఏవిట్రా అర్థం? ఎడంకన్ను ఎటూ పోయింది, ఉన్నదల్లా ఈ ఒక్కటేనని చెప్పావా ఆయనతో?… సరే, సరే. ఆయనకి తెలీదా మరి. నా పిచ్చి.

ఊఁ… కన్ను నలిపింది, అందుకే జరిగిందన్నారా…

…

తనూజనెందుకురా తిడతావు? ఆగు… ఒరే, ఆగమంటున్నానా! ఆసుపత్రిలో నలుగురి మధ్యా ఆ పిల్లని అన్నేసి మాటలంటావా? దాని తప్పేం లేదు. నా మాట విను…

నేను విప్పానురా.

ఆ. చెయ్యి కంటికి అందకుండా, మోచేతులు వంగకుండా కట్టిన అట్టలు. నేనే విప్పాను… ఒక్కసారి కాదు. తనూజ అద్దకం పనికి వెళ్ళాక రోజూ కాసేపు. చేతులు కర్రల్లా చాపుకుని ‘నానమ్మా విప్పు, నానమ్మా విప్పు’ అని ఒకటే ఏడుపు. జంతిక ముక్క చేతిలో పెడితే నోటికి అందదు దానికి. ఎలా చూస్తూ కూర్చోను చెప్పు?… చేతులు పట్టుకునే ఉన్నానురా, ఒట్టు. ఎసట్లో బియ్యం పోసి వచ్చేలోపల… రెండు చేతుల్తోనూ నలిపేస్తోంది.

పెడనలో మిమ్మల్ని రైలెక్కించేటప్పుడే చెబుదామనుకున్నా. సంచీ అందించి వచ్చేశా…

రాజేషూ?… తిట్టరా నన్ను. ఫోనెవరికిస్తున్నావు?…

ఎవరూ… తనూజా? అమ్మా, నన్ను—

ఏవిటీ?… నువ్వూ విప్పావా?… అన్నం పెట్టేటప్పుడు, నాకు కనపడకుండా తలుపేసుకుని?…

మరి వాడలా తిడుతుంటే చెప్పవేమే?… ఏడవకు. నేను మాత్రం చెప్పానా ఇన్నాళ్ళూ… ఒకళ్ళకి తెలీకుండా ఒకళ్ళం… ఎంత పని చేశామే తల్లీ…

ఎవరు పిలుస్తున్నారు?… తీసుకెళ్ళిపోతారా, ఇప్పుడేనా?… ఆ అరుపు శ్రావ్యదేనా?… మళ్ళీ కట్టారా అట్టలు…

నా గొంతు వినపడిందా దానికి? వద్దు, ఇవ్వకు. దాని చెవి దగ్గర పెట్టకు తనూజా—

శ్రావ్యా… ఆ, నానమ్మనే… విప్పుతానమ్మా… లేదు, లేదు. విప్పకూడదు తల్లీ. నానమ్మ విప్పదు…

తీసెయ్యవే ఫోను… నేను వినలేను. పెట్టెయ్ తనూజా, పెట్టె—