పుల్లకీ పుల్లకీ మధ్య

ఎనభయ్యారు వరద వెళ్లిన ఇరవయ్యేళ్లకి, గోదారి మళ్లీ లంక మీదకొచ్చిన ఏడు. సాయంత్రం వేళ. గట్టు మీద పల్లెకారు పల్లంరాజు, ఇంటర్ లెక్కల్లో తప్పిన మనవరాలు దుర్గాసాయి. గట్టు వెనక ఇంట్లో, మంచం దిగలేని అతని భార్య అప్పాయమ్మ.

“పక్కింటి చంద్రరావు బాబాయి పడవ ఇంకా రాలేదేం తాతా?”

“ఇది చూడవే ముందు. పుల్లకీ పుల్లకీ మధ్య ఎడం తగ్గిపోయింది. పొద్దున్న బారెడు, ఇప్పుడు జానెడు. గోదారి అలిసిపోయింది.”

“నీటి అంచున చుట్టకో పుల్లేనా గుచ్చింది?”

“చుట్ట ఆరగానే పుల్ల. మా అయ్య కాలం నించీ అంతే. నువ్వెళ్లి పుస్తకం చదువుకో.”

“పుస్తకంలో ఉన్నదీ ఇదే. డిఫరెన్షియేషన్.”

“అందులోనేగా తప్పేవు?”

“బట్టీపట్టేను, తప్పేను. విశ్వనాథ్ మాస్టారు ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కలేదు.”

“ఆ మేస్టారికి వల ఇసరడం వచ్చా?”

“ఉండు తాతా. కింద పుల్లలున్న చోట నేలెలా ఉంటుంది?”

“ఇసక. చాప పరిచినట్టు చదును.”

“ఇక్కడో?”

“గట్టు కదే. నిటారు. కళ్లు లేవా?”

“చదునులో నీళ్లు వేలెడు ఎక్కితే చాలు, అంచు బారెడు ముందుకొస్తుంది. నిటారులో వేలెడెక్కితే?”

“ఊఁ.”

“చెప్పు.”

“వేలెడే వత్తాది. ఇంకాస్త.”

“ఇక్కడ జానెడొచ్చింది.”

“అయితే?”

“నువ్వు కొలిచింది ఎడం. ఎత్తు కాదు. ఎత్తు మారితే అంచు మారుతుంది, ఎంత మారేదీ నేలవాలు చెబుతుంది. మాస్టారు ఫంక్షన్, ఫంక్షన్ అని మొత్తుకున్నది దీని గురించే! బడి మెట్ల మీద కొలిస్తే నువ్వూ మోసపోవు, అన్నీ ఒకే ఎత్తు. తాతా, నీళ్లు తగ్గట్లేదు. పొద్దుటికంటే జోరుగా ఎక్కుతున్నాయి.”

“ఎక్కనీవే. చుట్టకి జానెడేగా.”

“చుట్టచుట్టకీ జానెడు. అన్నీ కలుపు. ఇంటిగ్రేషనంటే కలపడమే. గట్టు తల దాకా ఇంకెంతుందో చూడు. అది దాటితే అవతల మళ్లీ చదును. మన ఇల్లు.”

“చుట్ట ఆరిపోయింది.”

“మామ్మని మంచంతో ఎత్తాలి. ఇద్దరం మోయలేం. చంద్రరావు బాబాయి పడవ తెస్తానన్నాడుగా?”

“అన్నాడు.”

“మరి కేకెయ్!”

“మజ్జాన్నమే వచ్చాడే.”

“వచ్చాడా? ఏడీ?”

“మామ్మని బడి డాబా మీద దింపేత్తాను, మంచం కాళ్ల వైపు పట్టు మావా అన్నాడు.”

“నువ్వేమన్నావు తాతా?”

“పుల్లలు చూపించి పంపేశాను.”

మర్నాడు పొద్దున్న బడి డాబా మీద, రాత్రి గట్టు దాటిన నీళ్లలో తడిసి బిగుసుకుపోయిన అప్పాయమ్మ మొహాన పల్లంరాజు తన తుండు కప్పాడు. మెట్లు దిగి, నీటి అంచున ఉన్న మెట్టు మీద ఒక పుల్ల పెట్టాడు. పైనున్న మనవరాలిని చూసి, “ఇప్పుడు నువ్వు చెప్పమ్మా” అన్నాడు.