ఎవరి మోచేతి ఎత్తు?

న్యూజెర్సీ, 1930. వంటపని సులువు చేసే పద్ధతులతో దేశమంతా పేరు తెచ్చుకున్న ఒక మహిళా ఇంజనీరు ఇంటికి ఆ ఉదయం పత్రికవాళ్లు ఫొటోలు తీయడానికి రావలసి ఉంది. వంటగదిలో ఆమె, వంటమనిషి మాట్లాడుకుంటున్నారు.

“డెలియా, ఆ చెక్కపెట్టె ఫొటోలో పడుతుంది. తీసెయ్.”

“తీస్తే పిండి పిసకలేనమ్మగారూ. దానిమీద నిలబడితేనే బల్ల అందుతుంది.”

“ఎప్పటినుంచి?”

“బల్ల పెట్టించినప్పటినుంచి. తొమ్మిదేళ్లు. ఇది మూడో పెట్టె, రెండు విరిగాయి.”

“పనిచేసే మనిషి మోచేతిని బట్టే బల్ల ఎత్తు ఉండాలని ఊరూరా చెప్పానే! వేలమంది ఆడవాళ్లను కొలిచానే!”

“తెలుసమ్మా. ఆ కొలతల కాగితాల దుమ్ము దులిపేది నేనేగా.”

“మరి ఈ బల్ల ఎవరి కొలత?”

“మీదే. వడ్రంగి అడిగితే మీరే చెయ్యి మడిచి చూపించారు.”

“నేనిక్కడ ఏనాడైనా వండానా?”

“ఒకసారి గుడ్లు ఉడకబెట్టారు. గిన్నె మాడింది.”

“నవ్వకు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఒక్కమాటైనా చెప్పలేదేం?”

“అందర్నీ కొలుస్తున్నారుగా, నా వంతూ వస్తుందనుకున్నాను.”

“అందరికంటే ముందు రావలసిన వంతు నీదే, డెలియా.”

“తలుపు గంట మోగిందమ్మా, పత్రికవాళ్లే. నేను పక్కకు తప్పుకుంటా, మీరు పిండి దగ్గర నిలబడండి.”

“వద్దు. నువ్వక్కడే ఉండు. తలుపు నేను తీస్తాను. ఈ వంటగదిలో వండేది ఎవరో వాళ్లకు నా నోటితోనే చెప్పాలి.”