వార్డు తలుపు తెరిచి ఉంచిన పంకజాక్షి గారు

1973 జూలై 9వ తేదీన శ్రీకాళహస్తిలో స్టాఫ్ నర్సుగా విధుల్లో చేరిన శ్రీమతి పంకజాక్షి గారు, సుదీర్ఘ సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారిని గురించి వ్రాయమని వీడ్కోలు సంచిక బాధ్యులు నన్ను, ఎనిమిదో తరగతితో చదువు ఆపిన ఆయాను, అడిగారు. వ్రాస్తే ఏ పొరపాటు దొర్లుతుందో, వ్రాయకపోతే వారి మనసు ఎంత నొచ్చుకుంటుందో అని రెండు విధాలా దిగులుపడి, చివరకు కలం పట్టాను.

కాళహస్తిలోనూ, పుత్తూరు ప్రాంతంలోనూ పనిచేసి మంచిపేరు గడించిన మీదట, 1989లో వారు సత్యవేడుకు ఈవలనున్న మన ఆసుపత్రికి హెడ్ నర్సుగా విచ్చేశారు. శుభ్రతలోనూ సమయపాలనలోనూ వారికి సాటి లేదు. సాయంత్రం ఆరు కాగానే వసారాలో గంటగా వేలాడే రైలుపట్టా ముక్కను వారే స్వయంగా కొట్టేవారు. ఆ మోత వినగానే రోగుల తాలూకు మనుషులు బయటకు పోవాలి, నేను వార్డు తలుపు మూయాలి. అది మన పద్ధతి. అందులో తప్పున్నదని మనలో ఎవరికీ తోచలేదు.

1996లో ఎరుకల కాలనీ నుండి దేవకమ్మ అనే పెద్దావిడ, తొలి కాన్పుకు తన మనుమరాలు ఆనందమ్మను తీసుకొచ్చింది. కాళ్ళు వాచి, రక్తపోటు బాగా పెరిగి, ఆ అమ్మాయి పరిస్థితి ప్రమాదంగా ఉంది. పుత్తూరులో నా కూతురు పవిత్రకూ అప్పుడే నెలలు నిండుతున్నందున ఆ వాపు చూసి నాకు భయం పట్టుకుంది. సాయంత్రం గంట మోగింది. దేవకమ్మ ఉలిక్కిపడి లేచింది.

"లేయే పిల్లా! గంట కొట్టేసినారు. ఇంగ నిన్ను నాకు సూపీరు. పా!"

నేను అడ్డుపడినా ఆగలేదు. సెలైను సూది పీకేసుకుని ఇద్దరూ వెళ్ళిపోయారు.

తెల్లవారగానే పంకజాక్షి గారు నన్ను వెంటబెట్టుకుని కాలనీకి బయలుదేరారు. దారి పొడవునా నా నోరు ఊరుకోలేదు. "ఈపాటికి ఆ పిల్లకు ఫిట్సు వచ్చుంటే ఎట్లమ్మా? మనం పోయేసరికే ఏమన్నా అయిపోయుంటే?"

"బిరీన నడువు చంద్రకాంతమ్మా. భయపడేది నడస్తా కూడా పడొచ్చు," అన్నారు.

కాలనీలో బుట్టలల్లుతున్న శాంతయ్య అనే పెద్దాయన తల ఎత్తలేదు. "ఏం నర్సమ్మా, గంట కూడా తెచ్చినావా?" అన్నాడు. ఆ మాటకు కారణమూ ఆయనే చెప్పాడు. తమ చిన్నతనంలో తెల్లదొరల ప్రభుత్వం ఎరుకల వారిపై నేరస్థులని ముద్ర వేసి కాపలాలో ఉంచిన సెటిల్‌మెంటులో, పిల్లలను తల్లుల నుండి వేరుచేసి బడిలో పెట్టిందట.

"నన్నూ దేవకమ్మనూ ఆడనే ఏసినారు. జుట్టు కత్తిరించినారు. మా బాస మాట్లాడితే ఈపు పగిలేది. ఆదివారం అమ్మోళ్ళు కంచెకాడికి వస్తే గంట కొట్టేదాకే సూడనిచ్చేది. దేవకమ్మ తల్లి ఒగ దినం గంట కొట్టినాక పోయింది. మళ్ళా రాలేదు. జరమొచ్చి సచ్చిపోయిందని ఎండాకాలంలో చెప్పినారు."

గుడిసెలో ఆనందమ్మ తలనొప్పితో మూలుగుతోంది. పంకజాక్షి గారు దేవకమ్మ ఎదుట నేలమీద కూర్చున్నారు.

"గంట కొట్టింది నేనే అక్కా. నాకు తెలీదు అనను. తెలుసుకోలేదు. తప్పు నాది."

"ఆ గంట ఉన్నంతవరకు నా బిడ్డ ఆడ పండుకోదు."

"అయితే నువ్వే వచ్చి దించు."

ఆ మాట ప్రకారమే జరిగింది. నిబంధనలు ఒప్పుకోవని మొదట సందేహించిన డాక్టర్ రఘునాథ్ గారే చివరకు స్టూలు పట్టుకుని నిలబడగా, దేవకమ్మ ఆ పట్టా ముక్కను తన చేతులతో దించి, వార్డు తలుపు మూసుకోకుండా దానికి అడ్డంగా పెట్టింది. "ఈ తలుపు మూయబాకండి," అంది. మనుమరాలిని మళ్ళీ వార్డులో పడుకోబెట్టి, తలవైపు కూర్చుని తమ భాషలో మాట్లాడుతూనే ఉంది. మరునాటి మధ్యాహ్నం ఆనందమ్మకు ఆడపిల్ల పుట్టి, తల్లీబిడ్డా క్షేమమని తెలిసే వరకు నేను అక్కడినుండి కదలలేదు.

అది మొదలు ఏటా జెండా వందనం నాడు, ఆ బడిలో బాల్యం పోగొట్టుకున్న పెద్దలను కుర్చీల్లో కూర్చోబెట్టి, వారు చెప్పేది మనమందరం నిలబడి వినే ఆచారాన్ని పంకజాక్షి గారు నెలకొల్పారు. మొదటి ఏడు శాంతయ్య, "కుర్చీ ఏసింది మర్యాదకా, సూది ఏసేదానికా?" అనడం, డాక్టరు గారితో సహా అందరూ నవ్వడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆయన చెప్పడం ముగించే వేళకు ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

రేపటి వీడ్కోలు సభలో తమకు శాలువా కప్పవలసింది అధికారులు కాదు, దేవకమ్మ అని వారు కోరారు. సంతోషమే. కానీ వచ్చే నెల మనం కొత్త భవనంలోకి మారుతున్నాం. దానికి ఇనుప గేటు, సందర్శన వేళల బోర్డు అప్పుడే అమర్చారు. వీరు వెళ్ళిపోయాక అక్కడ ఎవరో తెలియక మళ్ళీ గంట కడతారేమోనని నాకు అన్నం సహించడం లేదు. ఆ మాటే వారితో అన్నాను.

"భయపడు చంద్రకాంతమ్మా. దినామూ తలుపుకాడికి పోయి సూసేటంత భయపడు," అన్నారు.

అలాగే భయపడతానమ్మా. పట్టా ముక్కను కొత్త వార్డుకు నేనే మోసుకుపోతాను. మీ మోకాళ్ళ నొప్పులు తగ్గి, కంటిచూపు చల్లగా ఉండి, నిండు నూరేళ్ళూ మీరు ఎప్పుడైనా, ఏ వేళకైనా వచ్చి చూడండి. ఆ తలుపు తెరిచే ఉంటుంది.

— చంద్రకాంతమ్మ, ఆయా