పెట్టెలో పెట్టిన ఫోను

తవ్వితే ఏమైతాదని ఎంత మెల్లగా అడిగితివి వీరభద్రన్నా! పైపు పగిలిందని తవ్వే రోడ్డు కాదప్పా, నా మొగుడు క్రాంతి సమాధి అది.

కర్నూలు నుంచి కోయిలకుంట్ల దాకా కారేసుకొని వచ్చినావంటే, నన్ను పలకరించేదానికేమో అనుకుంటి. ఆయన పోయినంక మీ ఆఫీసోళ్లు ఒక్కరన్నా ఈ గడప తొక్కిరా? ఇప్పుడు క్రాంతి చేసిన టూలు చెడిపోయిందని నువ్వే వస్తివి.

అదేం టూలో నాకు తెలీదనుకోవద్దు. జావాస్క్రిప్ట్ ప్యాకేజీ అని ఏదన్నా కొత్త ప్రోగ్రాము మొదలుపెట్టాలంటే కంప్యూటర్లో నల్ల తెర మీద ఒక్క లైను కొడితే సాలు. పేరేంది, రాసేదెవరు అని అడిగి, ఫోల్డర్లు, ఫైళ్లు అన్నీ అదే పేర్చిపెడతాది. మా మామ మేస్త్రీ కదా, "నాయన పునాదికి ముగ్గు పోస్తాడే, ఇదీ అంతే మహిమా" అని క్రాంతి అంటాండె. చెప్పేటప్పుడు శానా సంబరపడేటోడు.

జ్వరంతో పడుకున్నోన్ని మీరు వదిలితిరా? ఆస్పత్రి మంచం మీద కూడా ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకొని ఆ టూలే సరిచేస్తాండె. సెలైన్ ఎక్కే చెయ్యి కదిలిస్తాండాడని నర్సమ్మ కసురుకుంటాండె.

ఆ ల్యాప్‌టాప్ గూడా మట్టి చేసిన మర్నాడే మనిషిని పంపి తెప్పించుకొని, లోపలుండేదంతా తుడిచేస్తిరి. ఇప్పుడేమో ఆయన ఖాతా తెరిస్తే గానీ టూలు బాగుచేసేదానికి కాదంట. తెరవాలంటే ఆయన ఫోన్లో వచ్చే నంబరు కావాలంట. అది మెసేజీ కాదంట, ఆ ఫోన్లోని యాప్‌లోనే కనపడతాదంట, కొత్త సిమ్ము తీసుకున్నా రాదంట.

ఆ ఫోను యాడుందో చెప్తినే. మావాళ్లు పోయినోళ్ల పెట్టెలో వాళ్ల బైబిలు పెట్టి పంపుతారు. ఆయన బైబిలు ఫోన్లోనే చదువుతాండె. అందుకని మా అత్త విశ్వాసమ్మ, నా కొడుకు చదివింది ఇదేనని ఫోను తీసి ఆయన చేతుల నడమ పెట్టింది. పాస్టరయ్యే ఏమీ అనలేదు, నేనెట్ల వద్దంటాను?

తీసి చార్జింగ్ పెడితే పనిచేస్తాదేమో అంటావు. ఆ మాట నాకు నువ్వు చెప్పాల్నా అన్నా?

ఆయన గొంతంతా ఆ ఫోన్లోనే ఉండాది. మా పాపకు పాడిన పాటలు, మా మామను ఎక్కిరిస్తా మాట్లాడిన మాటలు, అన్నీ దాంట్లోనే. మొన్న ఆదివారం ఆరాధన అయినంక నేనే గడ్డపార తీసుకొని పోయినా. ఒక్కసారి విని మళ్లీ పెట్టేద్దామనుకుంటి. నాకేమైనా పిచ్చి పట్టిందా? పట్టిందనే అనుకో.

పోయి చూస్తే మా అత్త ఆడ ఉండాది. ఎండలో సమాధి మీద చెంప ఆనించుకొని నిద్రపోతాండాది. ఇంట్లో కన్ను మూయని మనిషి, ఆడ కొడుకు పక్కన పడుకున్నట్టు పడుకోనుండాది.

గడ్డపార కంపచెట్లలో పారేసి వస్తి. ఇంకా ఆడనే పడుంటాది, తీసుకో. ముందు, దినామూ ఆడనే పడుకునే ఆ ముసలామెను లేపి, పక్కకు జరగమ్మా అని నీ నోటితో చెప్పు. నా చేత కాలేదు.