ఎమ్ డబ్బాలో నాలుగు కార్డులు

నా పేరు, చిరునామా ఈ వాంగ్మూలం మొదటి పేజీలో ఇచ్చాను. వయసు నలభై నాలుగు. ఇంగ్లీషు వాడుక మాటల నిఘంటువు తయారుచేసే కార్యాలయంలో సంపాదకురాలిని. చనిపోయింది నా తమ్ముడు. ముప్పై ఎనిమిదేళ్లు. రేవు గోదాములో గొలుసు యంత్రంతో బరువులు ఎత్తేవాడు.

మాకు మాటలు కార్డుల మీద వస్తాయి. పైన మాట. కింద అది విన్న వాక్యం, ఎవరన్నారు, ఎక్కడ, ఏ తేదీ. అర్థం గడి ఖాళీగా వదలాలి, అది మేం నింపేది. కార్డు రాగానే పై మాట మాత్రం చూసి దాని మొదటి అక్షరం డబ్బాలో వేస్తాం. కింది వాక్యం ఆ అక్షరం వంతు వచ్చాకే చదవాలి. ముందే చదివితే మనసు ఒక అర్థానికి అతుక్కుపోతుందని ఆ నియమం పెట్టింది నేనే.

మూడో తేదీ, మంగళవారం, సాయంత్రం అయిదూ నలభైకి తమ్ముడు నా గదికి వచ్చాడు.

"అక్కా, నీ డబ్బాకి మేత తెచ్చా" అన్నాడు. నాలుగు కార్డులు. నాలుగింటి మీదా 'మేట్', నేస్తం అని పిలిచే మాట.

"మళ్లీ ఇదేనా? నీకింకో మాట దొరకదురా?"

"రేవుకో రకంగా అంటున్నారు మరి. ఒకసారి చదువక్కా."

"ఎమ్ వంతు వచ్చే ఏడాదిరా నాయనా."

"సరే, నీ రూలు నీది" అని నవ్వాడు. నా సీసాలో నీళ్లు సగం తాగి వెళ్లిపోయాడు. మూత పెట్టలేదు. నేనూ ఇంకా పెట్టలేదు.

కార్డుల్లో ఉన్నది వాడు నోటితో ఎందుకు చెప్పలేదో తెలియదు. ఎలా ఉన్నావురా అని అడిగానో లేదో గట్టిగా చెప్పలేను. అడిగాననుకుంటున్నాను.

తొమ్మిదో తేదీ ఉదయం పదింపావుకి గొలుసు తెగి బరువు వాడి మీద పడింది.

పదకొండో తేదీ మధ్యాహ్నం రెండింటికి డబ్బా తీశాను. మొదటి కార్డు, వాడు ముందు పనిచేసిన రేవు. దారి చెప్పినందుకు ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు: "థాంక్స్ మేట్." రెండోది ఇంకో రేవు. కాలరు పట్టుకుని ఒకడు: "ఏంటి మేట్, ఏమన్నావ్?" మూడోది ఈ రేవు, రెండో తేదీ, సూపర్‌వైజరు: "ఆ గొలుసు ఇంకో నెల ఆగుతుందిలే మేట్." నాలుగోది అదే రోజు, అతనే: "భయమైతే ఇంటికి పో మేట్."

నాలుగో కార్డు అర్థం గడిలో పెన్సిలుతో రాసి ఉంది: "ఇక్కడ ఇది స్నేహం కాదక్కా. ఏం చెయ్యమంటావు?"

గొలుసు సంగతి ముందే తెలుసా అని అడిగారు. తెలియదని రాయండి. వాడు పోయేనాటికి కార్డులు ఆరు రోజులుగా నా దగ్గరే ఉన్నాయని కూడా రాయండి. నాలుగూ అప్పగిస్తున్నాను. పెన్సిలు రాత, చెరిగిపోతుంది, కాస్త చూసి పట్టుకోండి.

మీరు రాసుకున్నది చదివి వినిపిస్తానన్నారు, వద్దన్నాను. మొదటి మాట నుంచి చివరి మాట దాకా నేనే చదువుకున్నాను. ఉన్నదంతా నిజం. ఈసారి చదివాకే సంతకం పెడుతున్నాను.

(సంతకం)