మాలిక్ వకీలు

1988లో ఒక ఆదివారం పొద్దున, దివాలా కేసుల వకీలు సుదర్శనం బొంబాయి కామాటిపురలో తాను పుట్టి పెరిగిన, ఒంటిగది కాపురాల చాల్‌కు వచ్చాడు. తెలుగు వారపత్రికలో వారం వారం ‘చట్టం మాట’ రాసేది అతనే. మూతపడ్డ మిల్లులో పనిచేసిన మొగులయ్య భార్య వజ్రమ్మ, మెట్ల దగ్గరే అతన్ని ఆపింది.

“మిల్లు దివాలా తీస్తే కామ్‌గార్ల పగారు బాకీ బ్యాంకు బాకీతోటి సమానమని రాసింది నువ్వే గద బిడ్డా?”

“నేనే పెద్దమ్మా. కార్మికుల జీతాల గురించి చట్టం అట్లనే ఉంది.”

“సంతకం పెడితే బాకీల సగం ఇస్తనన్నడు మిల్లు మాలిక్. మా ఆయన నీ రాత చాల్ల అందరికీ చదివి వినిపిచ్చి, ఎవ్వల్నీ సంతకం పెట్టనియ్యలే.”

“మంచి పనే చేసిండు.”

“మొన్న కోర్టుకు పోయిన. మాలిక్ దిక్కు నల్లకోటేసుకొని నిలబడ్డది ఎవలు?”

ఆమె కోర్టు దాకా వస్తుందని సుదర్శనం అనుకోలేదు.

“అది నా వృత్తి పెద్దమ్మా. ఎవరు ఫీజిస్తే వాళ్ల తరఫున...”

“జడ్జి సాబును ఏమడిగినవ్?”

“ఇంకో తారీఖుకు వాయిదా.”

“ఎన్నోది?”

“పద్నాలుగోది.”

“తొమ్మిదోదాని కోసం చూస్కుంటనే మా ఆయన పోయిండు. దవాఖానకు పైసల్లేక పోయిండు.”

“నేను రాసినదాంట్ల ఒక్క అబద్ధం లేదు.”

“లేదు బిడ్డా. ఈ వారం ఇంకొక్క నిజం రాయి. మాలిక్ వకీలును నేనేనని రాయి.”

“రాస్తే నా మాట ఎవరు నమ్ముతరు?”

“నమ్మకుంటే ఆ సగమే తీస్కొని మిగిలినోల్లన్న బతుకుతరు.”

ఆ వారం ‘చట్టం మాట’ ఎప్పటిలాగే వచ్చింది. అద్దె ఇళ్ల గురించి.