పాత గ్రైండర్ వెనక

ఐర్లండ్‌లోని లీక్స్‌లిప్‌లో ఒక వంటిల్లు, ఆదివారం ఉదయం. సింగపూర్ కోర్టుకి పంపాల్సిన వాంగ్మూలం తండ్రి అనంతరామ్ చెబుతున్నాడు, ఇరవై నాలుగేళ్ళ కొడుకు రేవంత్ టైపు చేస్తున్నాడు. తల్లి సరోజ దోశలు పోస్తోంది, ఎవరూ తినడం లేదు.

"...రాశావా, లేదా?"

"రాస్తున్నా నాన్నా. 'మేం సింగపూర్ వదిలి ఐర్లండ్ వచ్చేసరికి మా అబ్బాయికి పన్నెండేళ్ళు.' తర్వాత?"

"'అక్కడి పర్మనెంట్ రెసిడెన్సీతో పెరిగిన మగపిల్లలు పద్దెనిమిదికి రెండేళ్ళు సైన్యంలో చెయ్యాలని నాకు తెలుసు.'"

"తెలుసు అనే రాయనా?"

"తెలీదంటే కోర్టులో నమ్ముతారా? పదిహేనేళ్ళు ఆ దేశం ఉప్పు తిన్నాను."

"ఊఁ."

"'దాని గురించి నాకు మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడూ నేనే దాచాను.'"

"ఎక్కడ దాచావో కూడా రాయమన్నాడు లాయరు."

"అదెందుకు?"

"వివరంగా ఉంటే జడ్జికి నమ్మకం కుదురుతుందంట."

"వంటింట్లో. ఆ మూల ప్రెస్‌లో, అదే, అలమరలో. సింగపూర్ నుంచి తెచ్చిన పాత గ్రైండర్ వెనక. అది పాడైపోయింది కదా, ఎవరూ ముట్టరని..."

"నా వంటింట్లో, నాకే తెలీకుండా! ఏళ్ళ తరబడి! ఒరేయ్ రేవంత్, ఇంకో దోశ వెయ్యనా?"

"వద్దమ్మా."

"మొదటిదే తినలేదు."

"ఐయామ్ గ్రాండ్ అమ్మా, బానే ఉన్నా."

"ఏం గ్రాండో. అసలు నువ్వు సింగపూర్ వెళ్ళకపోతే ఏమవుతుంది? ఇక్కడి పాస్‌పోర్టుంది, ఉద్యోగముంది. ఎవడొచ్చి పట్టుకెళ్తాడు?"

"ఎవరూ రారు."

"మరి?"

"అక్కడ కెవిన్ పెళ్ళి."

"పెళ్ళికి గిఫ్టు పంపరా. దానికి జైలుకెళ్తారా ఎవరైనా?"

"స్కూల్లో ఇద్దరం ఒకే బెంచీ అమ్మా. పద్దెనిమిదికి వాడు గుండు కొట్టించుకుని క్యాంపుకెళ్ళాడు. నేను ఇక్కడ టాలట్‌లో కాలేజీకెళ్ళా. వాడు రెండేళ్ళు బురదలో పాకాడు. నేను వాడికన్నా రెండేళ్ళు ముందే జీతం తీసుకున్నా. వాడు నన్ను ఒక్క మాట అనలేదు."

"అనలేదుగా!"

"అందుకే."

"సరోజా, నువ్వు కాసేపు ఆగు. రేవంత్, లాయరు ఎన్ని నెలలన్నాడు?"

"ఎన్నేళ్ళు తప్పించుకుంటే అంత ఎక్కువంట నాన్నా. నాకేం తెలీదని నమ్మితే కొన్ని వారాలు. ఫైనుతో పోయినా పోవచ్చు. తెలిసే ఎగ్గొట్టానంటే మాత్రం నెలలే."

"ఆ తర్వాత సైన్యం లేనట్టేగా?"

"ఉంటుందంట. శిక్షకి శిక్షే, సర్వీసుకి సర్వీసే."

"ఒక్క తప్పుకి రెండు దెబ్బలా? ఇదేం న్యాయంరా?"

"సైన్యానికి వెళ్ళొచ్చినవాళ్ళనడుగు."

"దాచింది నేను. జైలు నీకా? నన్ను వేసుకోమను. నాకేం, రిటైరయ్యేవాణ్ణి, ఏ మూలనో పడుంటాను."

"నువ్వు వాళ్ళకి అక్కర్లేదు నాన్నా."

"ఎలా మాట్లాడుతున్నావో చూడు. నీకేం అనిపించట్లేదా?"

"లేదు."

"భయం కూడా?"

"లేదు. కూర్చుని కూర్చుని కాలు తిమ్మిరెక్కుతుంది చూడు, అలా ఉంది. నెల నుంచీ. తర్వాత ఏం రాయాలో చెప్పు."

"'మా అబ్బాయికి ఏమీ తెలియదు.' అది గట్టిగా రాయి. 'వాడు ఆ ఉత్తరాల్ని కంటితో కూడా చూడలేదు. తప్పంతా నాది.' రాశావా?"

"రాశా."

"ఇటు తిప్పు, చూస్తాను. ఆఁ. ఇది చాలు. ఇది చదివితే ఏ జడ్జి అయినా కరుగుతాడు."

"ఒరిజినల్స్ కూడా స్కాన్ చేసి పంపాలంట."

"సరోజా, ఆ గ్రైండర్ కొంచెం జరిపి ఉత్తరాలు ఇలా అందుకో."

"ఇన్నేళ్ళూ నాకు చూపించనివాటిని ఇప్పుడు నేనే అందించాలా? సరే, జరగండి. అబ్బ, ఎంత దుమ్మో! ఇవిగో."

"మూడూ ఉన్నాయా?"

"మూడంటారేంటి? నాలుగున్నాయి."

"మూడే. సరిగ్గా చూడు."

"నాకు నాలుగు లెక్కపెట్టడం రాదా? ఒకటి, రెండు, మూడు... ఇదిగో ఈ నాలుగోది. ఇదీ చింపే ఉంది."

"నేను పెట్టింది మూడే సరోజా! దేవుడి మీద ఒట్టు. ఇది నేను చూడనేలేదు."

"నీకు రాలేదు నాన్నా. దాని మీద పేరు చూడు."

"నీ పేరు... ఎప్పుడొచ్చింది?"

"పద్దెనిమిది నిండిన వారానికి. నేనే తలుపు దగ్గర తీసుకున్నా."

"మరి నాకు చెప్పలేదేంరా?"

"నువ్వు చెప్పావా?"

"మీరాగండి. ఒరేయ్, దీన్ని ఇక్కడెందుకు పెట్టావు?"

"ఆ మూడూ అక్కడున్నాయని అప్పటికే చూశానమ్మా. వాటి పక్కనే పెట్టా. నాన్నా, ల్యాప్‌టాప్ ఇటివ్వు. ఆ 'ఏమీ తెలియదు' లైను తీసేస్తా."